నోట్లో గుండుసూదులు

పెళ్ళయిన కొత్తలో మా అత్తయ్యకి నేనంటే గిట్టదనుకునేదాన్ని. ఏమడిగినా "ఊఁ" అంటుంది, లేకపోతే "ఊఁహూఁ" అంటుంది, మరీ ముచ్చటపడితే ఒక కనుబొమ్మ పైకెత్తుతుంది. అంతకు మించి మాట రాలదు. ఫోన్లో మా అమ్మతో చెప్పుకుని ఏడిస్తే, "ఎంత పొగరే ఆవిడకి!" అని అమ్మ కూడా నాకు వంత పాడేది. ఆ పొగరు వెనకున్న సంగతి తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది. మా అత్తయ్య టైలర్. పొద్దున కొట్టు తెరిచింది మొదలు సాయంత్రం షట్టర్ దించేదాకా ఆవిడ పెదాల మధ్య గుండుసూదులు వరసగా నిలబడి ఉంటాయి. నోటినిండా సూదులు పెట్టుకుని కోడలితో కబుర్లేం చెబుతుంది? ఇంటికొచ్చాక సూదులుండవు, నిజమే. కానీ పెదాలకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

నేను దీనికి పూర్తిగా తలకిందులు. ఈత నేర్పుతాను. అరవడమే నా ఉద్యోగం. పూల్‌కి ఈ గట్టున నేను నోరు విప్పితే ఆ గట్టున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి నీళ్ళలోకి దిగుతారు. "ఇంట్లోనైనా ఆ ఈల మెడలోంచి తియ్యవే" అని మా ఆయన దెప్పుతుంటాడు. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని ఊరంతా తెలుసు. నీళ్ళలోకి దిగితే మాత్రం నా అంత ఓర్పు ఇంకెవరికీ ఉండదని నా నమ్మకం. ఆ నమ్మకం ఎంతమటుకు నిజమో తర్వాత మీరే చూస్తారు.

మా ఇద్దరి మధ్య మా అమ్మాయి. ఐదేళ్ళది. కుదురుగా నిలబడడం దానికి చేతకాదు. ఎక్కడ నిలబెడితే అక్కడ చేతులు చాచి గిర్రున తిరుగుతుంది. అందుకని అందరం దాన్ని బొంగరం అంటాం. నేను పొద్దున్నే వెళ్ళి సాయంత్రం బ్యాచ్‌లయ్యాక వస్తాను, మా ఆయన సబ్‌స్టేషన్‌లో షిఫ్టులు చేస్తాడు. నిజం చెప్పాలంటే దాన్ని పెంచింది అత్తయ్యే. బడి వదిలాక అది కొట్లో కత్తిరింపు బల్ల కింద, గుడ్డపీలికల కుప్పలో పడుకుని నిద్రపోయేది. లేచాక ఆవిడ దాన్ని చంకనేసుకుని పూల్‌కి తెచ్చేది. ముగ్గురం కలిసి ఇంటికి వెళ్ళేవాళ్ళం.

ఆ రోజు కూడా అలాగే వచ్చారు. నేను లోతు తక్కువ వైపు నీళ్ళలో నిలబడి చిన్నపిల్లలకి కాళ్ళాడించడం నేర్పుతున్నాను. మా లైఫ్‌గార్డ్ పొడుగాటి మనిషి, ఎప్పుడూ ఒంటికాలి మీద నిలబడతాడని అందరం కొంగ అంటాం. బట్టలు మార్చుకునే గది దగ్గర కొట్టుకుంటున్న ఇద్దర్ని అప్పుడాయన విడదీస్తున్నాడు. అత్తయ్య లోతు వైపు బెంచీ మీద కూర్చుని, ఎవరో అమ్మాయి ఈతదుస్తుల పట్టీలు వదులయ్యాయంటే వాటిని బిగిస్తోంది. బొంగరం గట్టుమీద తిరిగింది, తిరిగింది, తిరిగి తిరిగి లోతు నీళ్ళలో పడింది. అత్తయ్య వేసిన బొంగురు కేక నాకు వినబడింది. నేను తల తిప్పేసరికి కొంగ దూకేశాడు. పిల్లని పైకి తెచ్చి గట్టుమీద కూర్చోబెడితే, అది నాలుగు దగ్గులు దగ్గి "మళ్ళీ!" అంది.

నా ప్రాణాలు ఎక్కడికో పోయి అప్పుడు తిరిగొచ్చాయి. దాన్ని ఒళ్ళో పెట్టుకుని తిట్టాను, ముద్దుపెట్టాను, మళ్ళీ తిట్టాను. అందరూ అత్తయ్య చుట్టూ మూగారు.

"మీరు అరవబట్టి సరిపోయింది పెద్దమ్మా. లేకపోతే నేను ఇటు చూసేవాణ్ణే కాదు" అన్నాడు కొంగ, ఒగరుస్తూ.

"ఎంత కనిపెట్టుకుని ఉంటారండీ మీరు!" అంది పట్టీల అమ్మాయి తల్లి.

అత్తయ్య ఎవరి మొహమూ చూడలేదు. కుడిచేతి గుప్పిట గట్టిగా బిగించి అలాగే నిలబడిపోయింది. ఇంటికెళ్ళేదాకా ఆ గుప్పిట విప్పలేదు.

మర్నాడు పొద్దున నేను టిఫిన్ డబ్బా మూత పెడుతుంటే వెనకనుంచి అంది: "పిల్లని ఇక నాకొదలకండి. ఎవరైనా ఆయాని చూసుకోండి."

ఎనిమిదేళ్ళలో ఆవిడ నాతో వరసగా అన్ని మాటలనడం అదే మొదటిసారి. అన్నది అదీ. నేను బతిమాలాను, దెబ్బలాడాను, అలిగి అన్నం మానేశాను కూడా. మధ్యాహ్నానికి ఆకలేసి తినేశాను, అది వేరే సంగతి. మా ఆయన మాత్రం "అమ్మ ఒకసారి అన్నదంటే ఇక అంతే" అని చేతులెత్తేశాడు. ఆయా వచ్చింది. మంచి మనిషే, వంక పెట్టడానికి లేదు. కానీ బొంగరం ఆమె చెయ్యి పట్టుకుని కొట్టు ముందునుంచి వెళ్తుంటే, అత్తయ్య మిషన్ మీదనుంచి తలెత్తేది కాదు. ఇంట్లో పిల్ల ఒళ్ళోకి ఎక్కబోతే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేది. ఒకరోజు తల దువ్వుతుంటే బొంగరం నన్నడిగింది.

"అమ్మా, నేను నీళ్ళలో పడ్డానని నానమ్మకి కోపమా?"

దువ్వెన అక్కడ పడేసి తిన్నగా అత్తయ్య గదిలోకి వెళ్ళాను.

"ఈత రాకనే గదా అత్తయ్యా మీ దిగులు? దూకలేకపోయానని గదా? నేను నేర్పుతాను. ఊళ్ళో వాళ్ళందరి అత్తలకీ నేర్పుతున్నాను, మా అత్తకి నేర్పలేనా? రేపు పొద్దున ఆడవాళ్ళ బ్యాచ్‌కి నాతో రండి."

ఆవిడ ఏదో చెప్పబోయి మానేసినట్టు అనిపించింది. చివరికి, "అది పడ్డచోటే... అడుక్కి వెళ్ళి పైకి తేగలిగితే, అప్పుడు చూద్దాం" అంది. దేన్ని పైకి తేవాలో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఈతదుస్తులు ఆవిడే కుట్టుకుంది. మోచేతుల దాకా చేతులు, చీలమండల దాకా కాళ్ళు, మెడ చుట్టూ సన్నటి పైపింగ్. మా బ్యాచ్‌లో ఆడవాళ్ళందరికీ కళ్ళు కుట్టాయి, మాకూ కుట్టిపెట్టమని వెంటపడ్డారు. తీరా నీళ్ళలోకి దిగితే రెండు పక్కలా బుడగల్లా ఉబ్బాయి. చూస్తే జేబులు.

"ఈతదుస్తులకి జేబులెందుకత్తయ్యా?"

"అలవాటు" అంది, నీళ్ళు నిండిన జేబులు పిండుకుంటూ.

నా పద్ధతి ఒకటుంది. ఎవర్నీ నీళ్ళలోకి తొయ్యను. తోసి నేర్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మొదట మెట్టుమీద కూర్చుని కాళ్ళు తడుపుకోవాలి. అది విసుగొచ్చేదాకా చెయ్యాలి. "ఇంకెంతసేపు ఇలా?" అని వాళ్ళే అడిగిన రోజు తర్వాతి మెట్టు. గోడ పట్టుకుని నడవడం, గడ్డం దాకా మునగడం, మొహం పెట్టడం, కళ్ళు తెరవడం, గోడని తన్ని నీళ్ళమీద బోర్లా జారడం, ఒక్కోటీ విసుగొచ్చాకే. భయం పోయిందనడానికి విసుగే నాకు గుర్తు. కొందరికి గడ్డం దగ్గరే నెలలు పడుతుంది. వాళ్ళని నేను ఒక్కమాట అనను.

అత్తయ్య మొదటివారంలోనే నా నోరు మూయించింది. మొహం నీళ్ళలో పెట్టమంటే పెట్టి తీయదే! ఊపిరి బిగబట్టడంలో మా పోటీలకి వెళ్ళే పిల్లలు కూడా ఆవిడ ముందు దిగదుడుపే. కళ్ళు మొదటిరోజే తెరిచింది. నడుములోతు నీళ్ళలో రంగురంగుల రింగులు వేసి తియ్యమన్నాను, తీసింది. రింగులతో పాటు ఒక తెల్ల చొక్కా గుండీ కూడా తెచ్చింది. తెల్లటి టైల్స్ మీద తెల్లటి గుండీ! ఎన్నాళ్ళనుంచి అక్కడుందో, రోజూ అదే నీళ్ళలో తిరిగే నాకే కనబడలేదు.

"ఈవిడకి నీళ్ళంటే భయమన్నారు?" అని కొంగ నాకేసి అదోలా చూశాడు.

అంతా బాగానే ఉంది, పైకి వచ్చేటప్పుడు తప్ప. నీళ్ళలోంచి తల పైకెత్తగానే నోరు తెరిచి గాలి గుటుక్కున పీల్చుకోవాలి. ఎవరికీ నేను నేర్పక్కర్లేదు, అదే వస్తుంది. అత్తయ్యకి రాదు. పెదాలు బిగించి, ముక్కుతో సర్రున లాగుతుంది. ముక్కునిండా నీళ్ళు. ఉక్కిరిబిక్కిరై, కళ్ళు ఎర్రబడి, దగ్గి దగ్గి గోడ పట్టుకుంటుంది. లోపల చేపలా తిరిగే మనిషి, పైన గాలి ముందు ఓడిపోతోంది. నేను చేసి చూపించాను. అద్దం ముందు చేయించాను. "ఆవులించండి అత్తయ్యా, ఆవులింత అనుకోండి" అన్నాను. ఆవులించేటప్పుడు కూడా ఆవిడ నోరు మూసుకునే ఆవులిస్తుందని అప్పుడు తెలిసింది.

రోజులు గడుస్తున్నకొద్దీ నాలో ఓర్పు కరిగిపోతూ వచ్చింది. వేరేవాళ్ళయితే ఇంకో నెల ఆగేదాన్నే. కానీ ఇంటికెళ్తే బొంగరం ఆయా కొంగు పట్టుకుని, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి నానమ్మ వైపు చూస్తుంటుంది. ఒకరోజు పొద్దున అత్తయ్య మళ్ళీ ముక్కుతో నీళ్ళు లాగి దగ్గుతుంటే, నాకు తెలియకుండానే గొంతు లేచింది.

"నోరు తెరవండి! ఎన్నిసార్లు చెప్పాలి? నోరు తెరిస్తే ఏం పోతుంది మీకు? తెరవండి నోరు!"

పూల్ మొత్తం మా వైపు తిరిగింది. అత్తగారి మీద అరిచే కోడల్ని చూడటం ఎవరికి మాత్రం చేదు? గోడ పొడుగునా తలకాయలు వరసగా నిలిచిపోయాయి. అత్తయ్య మెట్లెక్కి, జేబుల్లోంచి నీళ్ళు కార్చుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. కొంగ రెండుకాళ్ళ మీద నిలబడి నన్నే చూస్తున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని కొట్టుకి వెళ్ళాను, క్షమాపణ ఎలా చెప్పాలా అని దారంతా మథనపడుతూ. కొట్టు చిన్నది. కత్తిరింపు బల్ల, రెండు మిషన్లు, నిలువుటద్దం, మూల ఇస్త్రీ బల్ల, దాని పక్కన చిలకరించడానికి నీళ్ళ బేసిన్. ఒకాయన కొత్త కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడి ఉన్నాడు. అత్తయ్య ఆయన చుట్టూ తిరుగుతూ, పెదాల మధ్యనుంచి ఒక్కో సూదీ తీసి గుచ్చుతోంది. నన్ను చూసి కనుబొమ్మ ఎత్తింది. కోపమో కాదో ఆ కనుబొమ్మలో తెలియలేదు.

"భుజం దగ్గర కాస్త ఎత్తుగా లేదాండీ?" అన్నాడాయన.

అత్తయ్య అరచెయ్యి గడ్డం కిందికి తెచ్చింది. సూదులన్నీ అందులోకి జారవిడిచింది. ఒక్కటైనా మిగిలిందేమోనని పెదాల వెనక నాలుకతో తడుముకుంది. అప్పుడు నోరు తెరిచి, గాలి పీల్చి, "దూది తగ్గిస్తానండీ" అంది. మళ్ళీ సూదులన్నీ నోట్లోకి వెళ్ళిపోయాయి.

ఇదంతా నేను ఎనిమిదేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. అన్నం డబ్బా చేతిలో పట్టుకుని వెర్రిదానిలా అలాగే నిలబడిపోయాను. కోటాయన వెళ్ళగానే అడిగాను.

"అత్తయ్యా, మీరు నోటితో గాలి అసలు పీల్చరా?"

ఆవిడ సూదులు చేతిలోకి తీసుకుంది. "ఎలా పీలుస్తాను? పీలిస్తే సూది లోపలికి పోదూ? పనిలో చేరిన రోజు మొట్టమొదట నేర్పేది అదే. నోట్లో సూదులుంటే ప్రాణం పోతున్నా ముక్కుతోనే."

"మరి నాకు చెప్పరేం?"

"నువ్వు అడగలేదు, అరిచావు" అంది.

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. అయినా ఆవిడ గొంతులో కోపం లేదు. బల్ల మీద సుద్దముక్క అటూ ఇటూ దొర్లించింది. తర్వాత నేను అడగని సంగతి చెప్పింది.

"ఆ రోజు కూడా నోట్లో సూదులున్నాయి అమ్మాయ్."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"అందరికంటే ముందు చూసింది నేనే. దాని కాలు జారడం చూశాను, పడటం చూశాను. అరవాలి. చెయ్యి గడ్డం కిందికెళ్ళింది. సూదులన్నీ తీశాను. నాలుకతో తడుముకున్నాను. అప్పుడు అరిచాను. పిల్ల మునుగుతోందమ్మాయ్, నేను నాలుకతో తడుముకుంటున్నాను." ఆవిడ సుద్దముక్కని పక్కకి తోసేసింది. "కింద ఉమ్మెయ్యొచ్చుగా? కానీ అక్కడంతా చెప్పుల్లేని పిల్లల కాళ్ళు. కాళ్ళకి గుచ్చుకుంటాయని చెయ్యి దానంతటదే అనుకుంది. నా పిల్ల ప్రాణం మీదికొస్తే నేను ఎవరి కాళ్ళో చూసుకున్నాను. పైగా అందరూ వచ్చి మీరు అరవబట్టి, మీరు అరవబట్టి అంటుంటే... గుప్పిట్లో అవే గుచ్చుకుంటున్నాయి."

ఆ గుప్పిట గుర్తొచ్చి నా గుండె తరుక్కుపోయింది. ఇన్నాళ్ళూ ఈవిడ దీన్ని ఒక్కతే మోసింది. నేనేమో ఈత రాదన్న దిగులని నాకు తోచిన కథ అల్లుకుని, కాళ్ళాడించండి, చేతులాడించండి అని ఈల వేస్తూ కూర్చున్నాను. దగ్గరికెళ్ళి గట్టిగా పట్టుకున్నాను. ఓదార్చడం నాకు రాదు. ఎవరైనా ఏడిస్తే పట్టుకుని ఈదే కిక్‌బోర్డ్ చేతికిచ్చి ఇంకో చుట్టు వెయ్యమంటాను, అంతే నాకు తెలిసింది. కళ్ళు తుడుచుకుని, ఇస్త్రీ బల్ల పక్కనున్న నీళ్ళ బేసిన్ తెచ్చి కత్తిరింపు బల్ల మీద పెట్టాను.

"మొహం పెట్టండి అత్తయ్యా."

"ఇక్కడా?"

"ఇక్కడే. నోట్లో సూదులున్నాయనుకోండి. నీళ్ళలోనే ఉమ్మెయ్యండి. ఒక్కోటే. అన్నీ అయిపోయాక పైకి లేవండి."

"నీళ్ళలో ఉమ్మితే పిల్లల కాళ్ళకి..."

"లేని సూదులత్తయ్యా!"

"లేనివైతే మాత్రం" అని గొణుక్కుంటూనే వంగింది. ప్, ప్, ప్ అని బుడగలు వచ్చాయి. ఒకటి, ఇంకోటి, ఆగి మరొకటి. చివర్లో నాలుకతో తడుముకున్నట్టు బుగ్గ కదిలింది. తల పైకెత్తింది. నోరు ఖాళీ. ఆ ఖాళీ నోరు దానంతటదే తెరుచుకుంది, గాలి గుటుక్కున లోపలికి వెళ్ళింది. దగ్గు లేదు, పొలమారడం లేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. గడ్డం మీంచి కోటు గుడ్డ మీదికి నీళ్ళు కారుతున్నా ఆవిడ పట్టించుకోలేదు. మళ్ళీ వంగింది. ఆ మధ్యాహ్నం గిరాకీ ఎవరొచ్చినా "రేపు రండి" అని నేనే గుమ్మంలోంచి పంపించేశాను.

మర్నాటినుంచి పూల్‌లో నా కేక మారిపోయింది. అత్తయ్య నీళ్ళలో ఉండగా గట్టుమీదనుంచి "సూదులు! సూదులు!" అని అరుస్తాను, ఆవిడ బుడగలు వదిలి పైకి వచ్చి గాలి తీసుకుని మళ్ళీ మునుగుతుంది. పక్కవాళ్ళకి ఏమీ అర్థం కాకపోయినా బాగానే ఉందని పట్టేసుకున్నారు. వారం తిరిగేసరికి బ్యాచ్ మొత్తం సూదులు ఉమ్ముతోంది. గుండుసూది అంటే ఏమిటో సరిగా తెలియని పిల్లలు కూడా "మేడమ్, నా సూదులు అయిపోయాయి" అని నీళ్ళలోంచి తల పైకెత్తుతున్నారు.

అక్కణ్ణించి అత్తయ్య మెట్లు చకచకా ఎక్కింది, అంటే దిగింది. ఛాతీలోతులో రింగులు, తర్వాత మెడలోతులో. తాడు దాటి లోతు వైపుకి వెళ్ళిన రోజు నా భుజం మీద చెయ్యి వేసి నిలువు నీళ్ళలో కాళ్ళు తొక్కడం నేర్చుకుంది. మిషన్ తొక్కిన కాళ్ళు కదా, ఆగమంటే ఆగవు. ఊపిరి కాస్త వదిలితే ఒళ్ళు దానంతటదే కిందికి దిగుతుందని చెప్పాను. చెవులు బిగుసుకుంటే ముక్కు పట్టుకుని మెల్లగా ఊదమన్నాను. సగం దాకా వెళ్ళి వచ్చేది. ముప్పావు దాకా వెళ్ళి వచ్చేది. నేను పక్కనే మునిగి ఆవిడ కళ్ళలోకి చూసేదాన్ని. నీళ్ళ కింద ఆవిడ మొహం ఎంత నిమ్మళంగా ఉంటుందో! ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉండి, ఆ మొహాన్ని నేను సరిగ్గా చూసింది అక్కడే. ఒకరోజు అడుగు టైల్స్‌ని అరచేత్తో తట్టి వచ్చింది.

పైకొచ్చి, గాలి తీసుకుని, "ఇంకెన్నాళ్ళు ఈ ఒట్టి చేతులతో?" అంది. విసుగు వచ్చిందన్నమాట.

ఆ వచ్చే సెలవురోజు పరీక్ష పెట్టుకుందామనుకున్నాం. ఆవిడ ఒక గుడ్డబొమ్మ కుట్టింది. లోపల ఇసుక కూరి, నీళ్ళలో విడిపోకుండా రెండు వరసల కుట్టు వేసింది. బొమ్మకి వేసిన గౌను గుడ్డ చూసి గుర్తుపట్టాను, ఆ రోజు బొంగరం వేసుకున్న గౌను పీలికే అది. చేతిలోకి తీసుకుంటే అనుకున్నదానికంటే బరువుగా ఉంది. దేన్ని పైకి తేవాలో ఆవిడ అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు కుట్టి చూపించింది. బొమ్మని సంచిలో పెట్టుకున్నాను.

సెలవు కాబట్టి బొంగరం కూడా వచ్చింది. గట్టుకి దూరంగా, బెంచీ మీద ఆయా పక్కన కూర్చోబెట్టి, కదిలితే ఊరుకోనని వేలు చూపించాను. బొమ్మని సరిగ్గా ఆ చోటే వదిలాను. అది మెల్లగా గుండ్రంగా తిరుగుతూ అడుక్కి చేరింది. కొంగ రెండుకాళ్ళ మీద నిలబడ్డాడు. నేను నీళ్ళలోకి దిగాను. అత్తయ్య జేబుల్లేని కొత్త ఈతదుస్తుల్లో దిగింది.

మొదటిసారి అడుగుదాకా వెళ్ళింది గాని బొమ్మ బరువు ఎత్తలేక వదిలేసి వచ్చింది. పైకొచ్చి నోటితో గాలి తీసుకుంది. నేను చెయ్యి అందించబోతే వద్దని తల ఊపింది. రెండోసారి మునిగింది. నేనూ మునిగాను. అడుగున కాళ్ళు ముడుచుకుని, బొమ్మని రెండు చేతులా గుండెకి హత్తుకుని, టైల్స్‌ని ఒక్క తన్ను తన్నింది. దారంతా బుడగలు. ఒక్కో సూదీ, ఒక్కో సూదీ. పైకి వచ్చాం. బొమ్మ ఆవిడ చేతుల్లోనే ఉంది. గట్టు ఇంకా ఒక బారెడు దూరం. గట్టుమీద పెడితే అయిపోయినట్టే.

గట్టుమీద ఉన్నవాళ్ళు చప్పట్లు మొదలుపెట్టారు. ఆ చప్పట్లకే బొంగరానికి ఎక్కడలేని సంతోషం వచ్చింది. ఆయా చేతిలోంచి జారి, చేతులు చాచి, గిర్రున తిరుగుతూ గట్టుమీదికి వచ్చేసింది. నేను గాలి కోసం తల పైకెత్తి, కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటున్నాను. నాకు కనబడలేదు. కొంగ చప్పట్లు కొడుతూ మమ్మల్నే చూస్తున్నాడు.

"బొంగరం! ఆగు!"

ఆ కేకకి పూల్ కప్పు మోగింది. ఈల వేసి వేసి బండబారిన నా చెవులే గింగిర్లెత్తాయి. అత్తయ్య నోరు అంతగా తెరుచుకోవడం నేనెప్పుడూ చూడలేదు. రెండు చేతులూ పైకి లేచి పిల్ల వైపు చాచి ఉన్నాయి. బొంగరం గట్టు అంచున, పాదాల వేళ్ళు గాలిలో, బిగుసుకుపోయి నిలబడింది. నిలబడమంటే నిలబడని పిల్ల!

కొంగ పరుగెత్తి వచ్చి దాని భుజం పట్టుకున్నాడు. అప్పుడు అత్తయ్య తన ఖాళీ చేతుల వైపు చూసుకుంది. మేం ఇద్దరం కిందికి చూశాం. బొమ్మ గుండ్రంగా తిరుగుతూ మళ్ళీ అడుక్కి దిగుతోంది.

"వదిలేశాను" అంది.

"వదిలేశారు అత్తయ్యా" అన్నాను. ఆవిడ చెయ్యి గడ్డం కిందికి వెళ్ళలేదు. నాలుకతో తడుముకోలేదు. ఇన్నాళ్ళ కష్టం చేతిలో ఉందని కూడా చూసుకోలేదు, పిల్ల కనబడగానే వదిలేసి అరిచింది. ఆవిడ మొహంలో నీళ్ళేవో కన్నీళ్ళేవో తెలియడం లేదు. నా మొహమూ అంతే అయి ఉంటుంది.

ఆవిడ రెండుకాళ్ళూ నీళ్ళలో తొక్కుతూ గట్టు దగ్గరికి జరిగింది. ఒక చేత్తో గట్టు పట్టుకుని రెండో చెయ్యి చాచింది. "ఇప్పుడు దూకు" అంది పిల్లతో.

కొంగ నా వైపు చూశాడు. నేను ఊఁ అన్నాను. బొంగరం దూకింది. ఇద్దరూ కలిసి మునిగారు, కలిసి తేలారు, రెండు నోళ్ళూ తెరుచుకుని గాలి మింగాయి. అది నానమ్మ మెడ చుట్టూ చేతులు వేసి, చెవిలో అనుకుని అందరికీ వినబడేలా అడిగింది.

"నీ కోపం పోయిందా నానమ్మా?"

"నీ మీద కోపమా? నాకెప్పుడొచ్చిందే పిచ్చిదానా" అని దాని తడిజుట్టు మీద ముద్దు పెట్టింది. ఒకటి పెట్టి ఊరుకోలేదు.

బొమ్మని తీసుకొస్తానని కొంగ చొక్కా విప్పబోతే అత్తయ్య వద్దంది. కాసేపయ్యాక తనే మునిగి తెచ్చింది. బొంగరం గట్టుమీద నిలబడి "సూదులు! సూదులు!" అని అరుస్తూ నా ఉద్యోగానికి ఎసరు పెట్టింది.

బట్టలు మార్చుకునే గదిలో జుట్టు పిండుకుంటూ అత్తయ్య అంది: "ఆయాని ఇక పిల్ల కోసం రానక్కర్లేదను. అలాగని పొట్ట కొట్టకూడదు. కొట్లో గుండీలు, కాజాలు చూసుకోమను, నేను నేర్పుతాను. బొంగరం బడి వదిలాక నా దగ్గరికే వస్తుంది. చెప్పొద్దూ, ఆ బల్ల కింద గుడ్డపీలికలు నేను ఊడవనేలేదు, అలాగే ఉంచాను. చేతికి కట్టుకునే సూదుల దిండు ఒకటి కుట్టుకున్నాను, రేపట్నుంచి నోట్లో ఒక్క సూది పెట్టనిక. అన్నట్టు పెళ్ళయిన కొత్తలో నువ్వు కుట్టించుకున్న ఆ పచ్చ జాకెట్టు నీకు ఏమాత్రం నప్పలేదమ్మాయ్, అప్పుడే చెబుదామనుకున్నాను..."

మెట్లు దిగుతూ చెప్పింది, రోడ్డు దాటుతూ చెప్పింది, తాళం తీస్తూ చెప్పింది. ఎనిమిదేళ్ళ కబుర్లు. మా ఆయన షిఫ్టునుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, ఆవిడ్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. నేను "ఊఁ" అన్నాను. మధ్యలో ఒకసారి కనుబొమ్మ కూడా ఎత్తాను.